గాజు గోడ ఉన్న గది

యజ్ఞనారాయణగారు మజ్జిగన్నం కలుపుకోకుండానే చెయ్యి కడిగేసుకున్నారు.

దీని అర్థం తెలియనివాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆయన అరవరు. కంచం ముందునుంచి లేచి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, ఎవరినీ ఏమీ అనకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. తప్పెవరిదో మిగిలినవాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి.

ఈసారి తేల్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అందరూ కోడలు సుధామయి వైపే చూశారు.

హాల్లో టీవీ మీద మాంట్రియల్ హోటల్ గది ఇంకా వెలుగుతూనే ఉంది. రాతి గోడలు, పొడుగాటి కిటికీ, మడత నలగని తెల్లటి దుప్పటి, గది మధ్యలో ఒకే ఒక్క పెద్ద మంచం. పొద్దున్నుంచి చూసినవాటిలో అది మూడోది. పూర్వం బ్యాంకుగా ఉన్న భవనమట, అందుకని ఇంట్లోవాళ్ళు దానికి బ్యాంకు హోటల్ అని పేరు పెట్టుకున్నారు. సుధామయి అదీ వద్దంది. ఎందుకమ్మా అని మామగారు అడిగారు. పార్కింగ్ లేదంది. కారు వాళ్ళే తీసుకెళ్ళి పెడతారని ఆయన తెర మీద చూపించారు. బాత్‌టబ్ లేదంది. ఈ ఇంట్లో బాత్‌టబ్‌లో స్నానం చేసేవాళ్ళెవరో చెప్పమని ఆయన అడిగారు. మనవరాలు ఇషిత పకపకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. "నేనిచ్చేది పుచ్చుకోవడం నీకు కష్టంగా ఉన్నట్టుందమ్మా" అన్నారు. ఆ తరవాతే చెయ్యి కడుక్కున్నారు.

సుధామయి భర్త విష్ణు అప్పడం విరుచుకుంటూ కంచంలోకి చూస్తున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, ఆఫీసులో ముప్పైమందిని నడిపిస్తాడు, భోజనాల బల్ల దగ్గర మాత్రం అప్పడం కంటే పెద్ద విషయం అతనికి కనిపించదు.

"అమ్మా, యూ ఆర్ బీయింగ్ ఇంపాసిబుల్" అని ఇషిత లేచి మేడ మీదకి వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళ పిల్లకి మాంట్రియల్ అంటే మాంట్రియల్. అక్కడ ఏ హోటలైనా ఒకటే.

అత్తగారు అన్నపూర్ణమ్మ మాత్రం కోడలి కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది. అమ్మాయికి నచ్చనప్పుడు బలవంతం ఎందుకు, ఇంకోటి చూద్దాం అని ఎవరినీ ఉద్దేశించకుండా అంది. పొద్దున మొదటి హోటల్‌కీ ఆవిడ ఇదే మాట అంది. రెండోదానికీ ఇదే అంది. అత్తగారు తనని వెనకేసుకొస్తోందని సుధామయికి ఒకపక్క ఊరట, ఒకపక్క సిగ్గు. ఎందుకంటే తను చెప్పే కారణాలన్నీ అబద్ధాలు.

ఆమె భయమంతా ఆ మంచం గురించి.

మే లాంగ్ వీకెండ్‌లో యజ్ఞనారాయణగారి నలభై ఐదో పెళ్ళిరోజు. కిందటి చలికాలం ఆయన గుండెకి స్టెంట్ వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటినుంచీ ఆయనకి జీవితంలో చూడనివన్నీ గుర్తుకు రావడం మొదలైంది. సడ్‌బరీ గనుల్లో ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు చేసి, రిటైరై టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటున్న మనిషి, ఒక్కసారి కూడా మంచి హోటల్లో పడుకోలేదని ఆయనకి బెంగ పట్టుకుంది. ఇంటిల్లిపాదీ మాంట్రియల్ వెళ్ళాలి, అక్కడి పాతబస్తీలో చిన్నదైనా ఖరీదైన బొటిక్ హోటల్లో దిగాలి, మూడు రాత్రులు ఉండాలి. అంతా తన ఖర్చే.

ఇంతవరకూ ఈ కుటుంబం ఎక్కడికి వెళ్ళినా గదులు రెండే. హైవే పక్క మోటెల్, గదికి రెండేసి మంచాలు. ఒక గదిలో మగవాళ్ళు, ఇంకో గదిలో ఆడవాళ్ళు. నయాగరా వెళ్ళినా బాన్ఫ్ వెళ్ళినా ఇదే పద్ధతి. మగవాళ్ళ గదిలో క్రికెట్, ఆడవాళ్ళ గదిలో రైస్ కుక్కరూ, ఆవకాయ సీసా. అన్నం ఉడికిన వాసన బయటికి పోకుండా తలుపు కింద తడి తువ్వాలు పెట్టేవాళ్ళు. తెల్లవాళ్ళకి ఇది వింతగా ఉంటుందేమో కానీ, మన ఇళ్ళల్లో ఎవరికీ వింత కాదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా పుష్కరాలకి వెళ్ళినా మనం ఇలాగే కదా పడుకునేది.

బొటిక్ హోటళ్ళలో ఆ వీలు లేదు. గదులన్నిటిలో ఒక్కో మంచమే. అదనంగా మంచం వెయ్యమంటే స్థలం లేదంటారు. అందుకని యజ్ఞనారాయణగారు మూడు గదులు అనుకున్నారు. తనకీ భార్యకీ ఒకటి, కొడుక్కీ కోడలికీ ఒకటి, ఇషితకి చిన్నది ఒకటి. ఇన్నేళ్ళూ హాస్టల్ పిల్లల్లా పడుకున్నాం, ఈసారైనా మొగుడూ పెళ్ళాల్లా ఉందాం అని ఆయన నవ్వుతూ అన్నారు. ఆ మాటకి బల్ల దగ్గర ఇద్దరే నవ్వారు, ఆయనా, ఇషితా.

ఇంట్లో ఎవరెక్కడ పడుకుంటారో కూడా చెప్పాలి. మెయిన్ ఫ్లోర్‌లో యజ్ఞనారాయణగారు ఒక్కరే, నిద్రలో ఊపిరి ఆడడానికి ఆయన పెట్టుకునే సీపాప్ మెషీన్ చప్పుడు ఎవరికీ పడదు. మేడ మీద ఇషిత గదిలో అన్నపూర్ణమ్మ, చిన్నప్పుడు పిల్ల చీకటికి భయపడేది. పక్క గదిలో సుధామయి ఒక్కతే. విష్ణు బేస్‌మెంట్‌లో, హైదరాబాదు టీంతో నైట్ కాల్స్ ఉంటాయి. నలుగురు పెద్దవాళ్ళు, నాలుగు చోట్ల పక్కలు. ఒక్కొక్కరికీ చక్కటి కారణం ఉంది. వంక పెట్టడానికి లేదు.

నైట్ కాల్స్ వారానికి ఒకటో రెండో. ఆ సంగతి సుధామయికి తెలుసు, విష్ణుకి తెలుసు. ఇద్దరూ విడిపోవాలని నిర్ణయం కూడా అయిపోయింది. పెద్దవాళ్ళకి చెప్పడమే మిగిలింది. మాంట్రియల్ నుంచి వచ్చాక నేనే చెప్తాను, అప్పటిదాకా ఆగు అని విష్ణు బతిమాలాడు. ఆమె ఆగింది. ఆగినందుకు ఇప్పుడు ఆ మంచం ఎదురుగా వచ్చి నిలబడింది.

గిన్నెలు సర్ది ఆమె బేస్‌మెంట్‌లోకి దిగింది. విష్ణు లాప్‌టాప్ తెరిచి కూర్చుని ఉన్నాడు. తెర మీద ఏమీ లేదు.

"మీ నాన్నగారికి నువ్వే చెప్పు" అంది.

"ఏమని?"

"మగవాళ్ళు ఒక గది, మేం ఒక గది అని. ఎప్పటిలాగే."

ఆయన పెళ్ళిరోజుకి వెళ్తూ ఆ మాట ఎలా అంటానని విష్ణు అన్నాడు. తను నేల మీద పడుకుంటానని, కావాలంటే కుర్చీలో కూర్చుంటానని, మూడు రాత్రులే కదా అని, ఒకదాని తరవాత ఒకటి చెప్పుకొచ్చాడు. అంత పొడుగ్గా అతను మాట్లాడి చాలా రోజులైంది. సుధామయి నిలబడే విన్నది. మెట్ల తలుపు తెరిచే ఉంది, అందుకే మాట్లాడగలుగుతున్నాడని ఆమెకి తెలుసు.

"నువ్వెక్కడ పడుకుంటావన్నది కాదు విష్ణూ. ఆ తలుపు వేశాక మనిద్దరం ఉంటాం కదా, అది. నేనింక అందులో ఉండలేను. మూడు రాత్రులు కాదు, ఒక్క పూట కూడా."

"నాన్నకి స్టెంట్ వేశారు సుధా."

"నాకు తెలుసు. ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది నేనే."

విష్ణు లాప్‌టాప్ మూశాడు. మళ్ళీ తెరిచాడు. నిజానికి అక్కడ దెబ్బలాట కూడా జరగలేదు. దెబ్బలాడుకోవడానికి ఇద్దరిలో ఎవరో ఒకరికి ఇంకా ఆశ ఉండాలి. సుధామయి పైకి వచ్చేసింది.

వంటింట్లో అన్నపూర్ణమ్మ స్వెటర్ వేసుకుని, చేతిలో సంచీతో సిద్ధంగా నిలబడి ఉంది. కరివేపాకు అయిపోయిందట, కొట్టుకి తీసుకెళ్ళమంది. ఫ్రిజ్‌లో డబ్బా నిండా కరివేపాకు ఉన్న సంగతి సుధామయికి గుర్తుంది. అయినా తాళాలు తీసుకుంది.

వాన్‌లో ఆ ఇండియన్ స్టోర్ గిడ్డంగుల మధ్య ఉంటుంది. ఆదివారం కావడంతో లారీలు వరసగా ఆగి ఉన్నాయి. అన్నపూర్ణమ్మ కరివేపాకు కొనలేదు. ఒక పెరుగు డబ్బా కొంది, కారెక్కింది, బెల్టు పెట్టుకుంది. సుధామయి కారు స్టార్ట్ చేయబోతుంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వూ వాడూ వేరుగా ఉండబట్టి ఎన్నాళ్ళయింది?"

సుధామయి ఏదో అనబోయింది. నైట్ కాల్స్ అన్న మాట సగంలోనే ఆగిపోయింది.

"ఆ బేస్‌మెంట్‌లో దుప్పట్లు ఉతికేది నేను" అంది అన్నపూర్ణమ్మ. "రోజూ పడుకునేవాడి దుప్పటి ఎలా ఉంటుందో నాకు తెలీదా?"

"రెండేళ్ళు దాటింది అత్తయ్యా."

అన్నపూర్ణమ్మ ముందుకు చూస్తూనే అడిగింది, కొట్టాడా అని. లేదంది సుధామయి. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరంది. మరేమిటి అని ఆవిడ అడగలేదు. కోడలు చెప్పేదాకా కూర్చుంది.

సుధామయి ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాటలు అవి. చెప్పడానికి ప్రయత్నిస్తే చిన్నవిగా వినిపిస్తాయని భయం. విష్ణు నలుగురిలో బాగుంటాడు. జోకులు వేస్తాడు, అడిగినవి తెస్తాడు, కారు తలుపు తీసి పట్టుకుంటాడు. గదిలోకి వచ్చి తలుపు వేస్తే నోరు కుట్టేసినట్టే. ఆమె ఏడ్చిన రోజులున్నాయి, అరిచిన రోజులున్నాయి, పుట్టింటికి ఫోన్ చేస్తానని బెదిరించిన రోజులున్నాయి. అతను గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నిద్రపోడు. కళ్ళు తెరుచుకునే పడుకుంటాడు. పదిహేడేళ్ళు చూసింది. ఇంక ఆ వీపుని చూడలేనని చెప్పింది.

అన్నపూర్ణమ్మ ఒళ్ళో పెరుగు డబ్బా పెట్టుకుని, దాని మూత చుట్టూ వేలితో రాస్తూ కూర్చుంది.

"సడ్‌బరీలో మాది చిన్న ఇల్లు" అంది చివరికి. "వాడి గదికీ మా గదికీ మధ్య పల్చటి చెక్క గోడ. లోపల మాట్లాడిందంతా వాడికి వినపడేది."

సుధామయికి అర్థం కాలేదు. మామగారు గొంతెత్తడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఆయన గొంతెత్తరు" అంది అన్నపూర్ణమ్మ, ఆమె మనసులో మాట విన్నట్టు. "చెయ్యెత్తరు. తలుపు వేసుకున్నాక, ఆ రోజు నేను చేసినవన్నీ చెప్తారు. ఎవరి ముందు ఎక్కువ నవ్వాను, ఏ పార్టీలో ఇంగ్లీషు తప్పు మాట్లాడాను, ఎవరికి కాఫీ ఆలస్యంగా ఇచ్చాను. మెల్లగా, నీ మంచికే అన్నట్టు చెప్తారు. తప్పయిందండీ అనేదాకా దీపం ఆర్పరు. కొన్నాళ్ళకి ముందే అనేసేదాన్ని. అలా అంటే ఒప్పుకోరు. ఏది తప్పో నేనే చెప్పాలి. నేను చెప్పింది సరైన తప్పు కాకపోతే మళ్ళీ మొదటికి వస్తారు."

లారీ ఒకటి వెనక్కి వస్తూ కూత పెట్టింది. అది ఆగేదాకా ఆవిడ ఆగింది.

"వాడు గోడ అవతల పడుకుని అదంతా వినేవాడు. పెద్దయ్యాక ఒకసారి నాతో అన్నాడు, అమ్మా, నేను పెళ్ళి చేసుకుంటే గదిలో నా పెళ్ళాన్ని ఒక్క మాట కూడా అనను అని. ఎంత మంచి కొడుకుని కన్నానో అనుకున్నాను. ఒక్క మాట కూడా అనడని నాకేం తెలుసు."

సుధామయికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ సంగతి పదేళ్ళ క్రితం తెలిసి ఉంటే ఏమైనా చేసేదేమో. ఇప్పుడు తెలిసి చేసేదేమీ లేదు. విష్ణు మీద కోపం పోయింది, అంతే. కోపం పోయినంత మాత్రాన ప్రేమ వచ్చి ఆ చోట్లో కూర్చోదు.

అప్పుడు ఆమెకి ఇంకోటి తట్టింది. మోటెల్ గదుల పద్ధతి పెట్టిందెవరు? అత్తగారే. మొట్టమొదటి ప్రయాణంలోనే, మగవాళ్ళు క్రికెట్ చూసుకుంటారు, మనం కబుర్లు చెప్పుకుందాం అని ఆడవాళ్ళ సామానంతా ఒక గదిలో పెట్టించిందావిడే. ఇషిత చీకటికి భయపడుతుందని చెప్పిందీ ఆవిడే. ఆ పిల్ల ఎప్పుడు భయపడిందో సుధామయికి గుర్తు లేదు. పొద్దున్నుంచి ఒక్కో హోటల్నీ తను వద్దంటుంటే, అత్తగారు వెనకేసుకొచ్చింది కోడల్ని కాదు.

అన్నపూర్ణమ్మ ఆమె వైపు తిరిగింది. ఆవిడ ముఖంలో సుధామయి ఎన్నడూ చూడని హుషారు కనిపించింది.

"నేనొకటి ఆలోచించాను. ఆ హోటల్ ఏదైనా కానీ, మోకాళ్ళ నొప్పులు, రాత్రి బాత్‌రూమ్‌కి లేస్తే పట్టుకోవడానికి సుధ ఉండాలి అంటాను. నువ్వూ నేనూ ఒక గది. తండ్రీ కొడుకులు ఒక గది. నువ్వు ఊ అంటే చాలు."

"ఊ" అంది సుధామయి వెంటనే. ఆ క్షణంలో ఇద్దరూ పెద్ద ప్రమాదం తప్పించుకున్నవాళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు.

అన్నపూర్ణమ్మ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. మంచి ఆలోచన వచ్చిన మనిషి దాన్ని కొంచెం సాగదీసి చూసుకుంటుంది. సెప్టెంబర్ నుంచి తన గది తనకి కావాలని ఇషిత మొన్న చెప్పిందట. 'నానమ్మా, ఐ నీడ్ మై స్పేస్' అందట. పిల్ల తప్పేమీ లేదు, ఎదిగింది. ఆ మాట విన్నప్పటినుంచీ కిందకి, ఆయన గదిలోకి వెళ్ళాలేమోనని ఆవిడకి నిద్ర లేదట.

"మాంట్రియల్‌లో ఇద్దరం ఒక గదిలో ఉంటే అదే అలవాటైపోతుంది. వచ్చాక నీ గదిలోకి మారిపోతాను. నీకూ తోడు, నాకూ తోడు. ఎవరూ అడగరు."

సుధామయి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. చెప్పకుండా ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు. ప్రయాణం అయ్యాక విష్ణు చెప్తాడు, అప్పుడు అందరితోపాటు ఆవిడా వింటుంది. కానీ ఇంత విన్నాక అలా చేస్తే, ఈవిడని మోసం చేసినవాళ్ళలో తనూ ఒకతె అవుతుంది.

"అత్తయ్యా, నేను జూన్ నుంచి ఆ ఇంట్లో ఉండను. మిస్సిసాగాలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. ఇషిత నాతో వస్తుంది. విష్ణుకి తెలుసు."

అన్నపూర్ణమ్మ ముఖంలో హుషారు వెంటనే పోలేదు. అది కొంచెంసేపు అలాగే ఉండి, తరవాత మెల్లగా దిగింది. అంత కష్టమైన దృశ్యం సుధామయి ఈ రెండేళ్ళలో చూడలేదు.

"పెరుగు పాడైపోతుంది" అంది ఆవిడ. "పద."

దారి పొడుగునా ఆవిడ పెరుగు డబ్బా ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి యజ్ఞనారాయణగారు హాల్లో ఉన్నారు, కాళ్ళు చాపుకుని, చాలా సంతోషంగా. ఇషిత ఆయన పక్కన చేరి ఐప్యాడ్ చూస్తోంది. విష్ణు కూడా పైకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మీరిద్దరూ లేకపోతే చిటికెలో అయ్యే పని అని ఆయన నవ్వారు. బుక్ చేసేశారట. వద్దనుకున్నా ఇంక మార్చడానికి లేదట, అలాంటివే చవకగా ఇస్తారట.

బ్యాంకు హోటల్ కాదు. పొద్దున రెండోదిగా చూసిన గాజు గోడ హోటల్. అందులో పడకకీ స్నానాల గదికీ మధ్య గోడ బదులు గాజు పలక ఉంటుంది. మంచం మీద పడుకుంటే లోపల స్నానం చేసేవాళ్ళు కనిపిస్తారు. పొద్దున ఆ బొమ్మ వచ్చినప్పుడు అన్నపూర్ణమ్మ తల దించుకుంది, ఇషిత కళ్ళు మూసుకుని నవ్వింది. ఏదో మీట నొక్కితే గాజు తెల్లబడుతుంది, భయం లేదు అని ఆయన ఇప్పుడు వివరించారు. ఆ మీట మంచం పక్కనే ఉంటుందట.

"గదులు మూడేనాండీ?" అంది అన్నపూర్ణమ్మ.

"మూడే. అనుకున్నట్టే."

ఆవిడ సంచీ కింద పెట్టి, కుర్చీ వీపు పట్టుకుని, మోకాళ్ళ సంగతి ఎత్తింది. రాత్రిళ్ళు లేవాల్సి వస్తుంది, కొత్త చోటు, సుధ పక్కన ఉంటే అని ఏదో గొణిగింది. కారులో అంత చక్కగా వచ్చిన మాటలు ఇక్కడ వరస తప్పాయి.

యజ్ఞనారాయణగారు చివరిదాకా ఓపిగ్గా విన్నారు. "ఆ మాట నేను ముందే వాళ్ళతో చెప్పాను. పట్టుకోవడానికి బాత్‌రూమ్‌లో కడ్డీలున్నాయి. రాత్రి నువ్వు లేస్తే నేను లేనూ?"

"సో స్వీట్, తాతగారూ" అంది ఇషిత.

ఇది తన వంతు అని సుధామయికి తెలుసు. అత్తయ్యకి నాతో అలవాటు మామయ్యగారూ, మేమిద్దరం ఒక గదిలో ఉంటాం, మీరూ విష్ణూ ఒక గదిలో ఉండండి అని, తడబడకుండానే అంది.

ఆయన ఆమె వైపు చూసి ఆప్యాయంగా నవ్వారు. "నలభై ఐదో పెళ్ళిరోజు నాడైనా మా ఆవిడని నాకు వదిలిపెట్టమ్మా."

ఇషిత నవ్వింది. విష్ణు పెదాలు కూడా నవ్వులా కదిలాయి, అతని కళ్ళు మాత్రం తల్లి మీద ఉన్నాయి. ఒక్క మాట అంటాడేమోనని సుధామయి ఎదురు చూసింది. ఈ ఒక్కసారి అంటే చాలు అనుకుంది. అతను కాల్ ఉందని చెప్పి బేస్‌మెంట్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం ఏ కాల్ అని ఎవరూ అడగలేదు.

"ఎలా ఉంది గది, చెప్పలేదే?" అన్నారు యజ్ఞనారాయణగారు భార్యతో.

"బాగుందండీ" అంది అన్నపూర్ణమ్మ.

ఆయన తృప్తిగా లేచారు. తన గది గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా, "అన్నపూర్ణా, ఒకసారి లోపలికి రా" అని చాలా మెత్తగా పిలిచి లోపలికి వెళ్ళారు.

పొద్దున్నుంచి అందరి ముందూ ఆవిడ మూడుసార్లు ఆయన మాటకి అడ్డం వచ్చింది. ఇప్పుడు మోకాళ్ళ సంగతి ఒకటి. చెప్పకుండా కొట్టుకి వెళ్ళడం ఒకటి. ఇదివరకైతే సుధామయి ఆ పిలుపు విని, ముసలివాళ్ళిద్దరూ ముచ్చట్లాడుకుంటారు కాబోలు అనుకునేది. ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది.

అన్నపూర్ణమ్మ వంటింట్లోకి వచ్చి పెరుగు ఫ్రిజ్‌లో పెట్టింది. కరివేపాకు డబ్బా అడ్డం వస్తే పక్కకి జరిపింది. సింక్ దగ్గర చేతులు తడుపుకుంది. నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో అడిగింది.

"నువ్వు తీసుకున్న ఇంట్లో గదులెన్ని?"

వెనకే వచ్చిన సుధామయి గుమ్మం వైపు ఒకసారి చూసింది.

"ఒకటే అత్తయ్యా. నాకూ ఇషితకీ."

"హాలుందా?"

"చిన్నది. వంటిల్లూ అదీ కలిసే."

"నాకు మంచం అక్కర్లేదు సుధా. ఒక బొంత వేసుకుంటే చాలు. పొద్దున్నే లేచి తీసేస్తాను, ఎవరైనా వచ్చినా తెలీదు."

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. సుధామయికి పురుడు ఈవిడే పోసింది. ఇషితని ఈవిడే పెంచింది. వాన్‌లో ఈ ఇల్లు ఇల్లులా ఉందంటే ఈవిడ వల్లే. రండి అనాలి. రెండక్షరాల మాట.

కానీ ఆవిడ వస్తే ఆవిడ వెనక మామగారు వస్తారు, విష్ణు వస్తాడు, ఫోన్లు వస్తాయి, గుడిలో కనపడిన ప్రతి ఆంటీ వస్తుంది. మొగుణ్ణి వదిలిందే కాక అత్తగారిని కూడా లేపుకుపోయిందంటారు. ఇషిత ఆ చిన్న ఇంట్లోనైనా తన చోటు తనకి కావాలంటుంది. రెండేళ్ళపాటు ఊపిరి బిగబట్టి, తనకంటూ ఒక గది సంపాదించుకుంది సుధామయి. ఇంకా అందులో ఒక్క రోజు కూడా పడుకోలేదు. ఇవన్నీ నిజాలే. ఇవన్నీ అనుకుంటున్నంతసేపూ ఆమెకి తన మీద అసహ్యం వేస్తూనే ఉంది, నోరు మాత్రం తెరుచుకోలేదు.

అచ్చం విష్ణులాగే నిలబడిపోయింది.

అన్నపూర్ణమ్మ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. కొళాయి కట్టేసింది.

"ఊరికే అడిగానులే" అంది.

యజ్ఞనారాయణగారు మళ్ళీ పిలవలేదు. ఆయన ఎవరినీ రెండోసారి పిలవరు. అన్నపూర్ణమ్మ చేతులు తుడుచుకుంది, జుట్టు సరిచేసుకుంది, వస్తున్నానండీ అంటూ ఆ గదిలోకి వెళ్ళింది. తలుపు తనే వేసుకుంది.